మూత్రం తొందరకు నరం వైద్యం: నస్పూర్ నుంచి చూస్తే

మూత్రం వస్తోందనిపించిన మరుక్షణమే పరుగెత్తాలి. పరుగెత్తినా ఒక్కోసారి తలుపు గడియ తీసేలోపే చీర తడిసిపోతుంది. ఈ బాధ ఉన్న స్త్రీలు దాన్ని జబ్బుగా కాక, సర్దుకుపోవలసిన బతుకుగా చూస్తారు. బస్సెక్కే రోజు పొద్దున్నుంచి నీళ్లు మానేస్తారు. పెళ్లికి పోతే పందిరి కన్నా ముందు బాత్రూం ఎక్కడుందో చూసుకుంటారు. మంచిర్యాలలో హైదరాబాద్ రైలెక్కితే డబ్బా చివరి సీటు వెతుక్కుంటారు. మంచిర్యాల పక్కనున్న నస్పూర్ కాలనీ క్వార్టర్లలో ఈ మాట ఎత్తితే వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: "గింత వయసొచ్చినంక గిట్లనే ఉంటది." ఇంకాస్త చనువుంటే, "డాక్టర్ సార్‌కు ఎట్ల చెప్పాలె?"

చెప్పాలి. దీనికి వైద్యం ఉంది. మందులకు లొంగనివాళ్లకు నరానికి సన్నని కరెంటు ఇచ్చి మూత్రాశయాన్ని శాంతపరిచే పద్ధతులు నలభై ఏళ్లకు పైగా నడుస్తున్నాయి. వాటిలో ఏది ఎంతవరకు పనిచేస్తుంది, దేనికి ఎంత రుజువుంది అన్నది ఈ వ్యాసంలో చూద్దాం. గోదావరి గట్టు మీది ఈ బొగ్గు ప్రాంతపు స్త్రీకి ఏది చేతికందుతుందన్నది కూడా చూడాలి. నా మటుకు నాకు చివరి ప్రశ్నే పెద్దది. రుజువున్న వైద్యమే అయినా 250 కిలోమీటర్ల దూరాన ఉండి, పన్నెండు వారాలు వరసగా రమ్మంటే, అది ఇక్కడివాళ్లకు లేనట్టే లెక్క.

ముందు జబ్బేమిటో తేల్చుకోవాలి. అంతర్జాతీయ కాంటినెన్స్ సొసైటీ 2002లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, ఇన్‌ఫెక్షన్ లాంటి కారణమేదీ కనబడకుండా, ఆపుకోవడం కష్టమనిపించేంత తొందర ఉన్నట్టుండి రావడం దీని అసలు లక్షణం. సాధారణంగా దాంతోపాటు పగలు ఎక్కువసార్లు పోవాల్సి వస్తుంది, రాత్రి నిద్రలో లేవాల్సి వస్తుంది. కొందరికి కారిపోతుంది, కొందరికి కారదు. అమెరికాలో 2000 ప్రాంతంలో జరిపిన పెద్ద సర్వేలో స్త్రీలలో 16.9 శాతం మందికి, పురుషుల్లో 16 శాతం మందికి ఈ లక్షణాలు కనిపించాయి. అంకెలు దాదాపు సమానమే. కానీ తొందరతోపాటు కారిపోవడం కూడా ఉన్నవాళ్లు స్త్రీలలో 9.3 శాతం, పురుషుల్లో 2.6 శాతం. బరువంతా ఆడవాళ్ల మీదే పడుతోంది.

దగ్గినా తుమ్మినా బిందె ఎత్తినా నాలుగు చుక్కలు కారడం వేరే సంగతి. అది మూత్రనాళం కింది కండరాల బలహీనత. రెండూ కలిసి ఉండేవాళ్లూ ఉంటారు కాబట్టి డాక్టర్ ముందు ఈ తేడా విడమర్చి చెప్పాలి. ఇక్కడ మాట్లాడుకునే నరం వైద్యం తొందరకే గాని, దగ్గితే కారడానికి కాదు.

మూత్రాశయం పెద్దవాళ్లలో 300 నుంచి 500 మిల్లీలీటర్ల దాకా పడుతుంది. నిండుతున్న కొద్దీ దాని గోడల నుంచి కబురు వెన్నెముక అడుగుభాగానికి, అక్కడి నుంచి మెదడుకు పోతుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు మెదడు "ఇప్పుడే కాదు" అని ఆపి ఉంచుతుంది. ఈ జబ్బులో సంచి సగం నిండకముందే కబురు గట్టిగా పోతుంది, లేదా అదుపు సడలి కండరం తనంతట తాను ముడుచుకుంటుంది. మూత్రాశయానికి పోయే ముఖ్యమైన నరాలు వెన్నెముక అడుగున ఉండే త్రికాస్థిలోని రెండు, మూడు, నాలుగు నంబర్ల వేర్ల నుంచి బయలుదేరుతాయి. కాలి పిక్క వెనక నుంచి చీలమండ లోపలివైపుగా పాదంలోకి దిగే టిబియల్ నరం కూడా నడుము కింది వేర్లతోపాటు ఇవే వేర్లలో కొన్నింటి నుంచి వస్తుంది. కాబట్టి చీలమండ దగ్గర నరాన్ని తట్టి లేపితే ఆ సంకేతం పైకి పోయి అదే కూడలికి చేరుతుంది, మూత్రాశయం నుంచి వచ్చే అతి కబుర్లను అణుస్తుంది. పూర్తి యంత్రాంగం శాస్త్రవేత్తలకు ఇంకా తేటతెల్లం కాలేదు. ఫలితాన్ని మాత్రం కొలిచి చూశారు.

మూత్రాశయానికి కరెంటు పెట్టాలన్న ఆలోచన చాలా పాతది. డెన్మార్క్‌లో సాక్స్‌టోర్ఫ్ అనే వైద్యుడు 1878లోనే మూత్రం బిగుసుకుపోయినవాళ్లకు మూత్రాశయం లోపల కరెంటు ఇచ్చి చూశాడు. ఇవాళ్టి పద్ధతులకు పునాది పడింది మాత్రం శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో. ఎమిల్ తనాఘో, రిచర్డ్ ష్మిట్ అక్కడ 1980లలో త్రికాస్థి నరం దగ్గర తీగ అమర్చే పద్ధతిని తీర్చిదిద్దారు. దానికి 1997లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి దొరికింది. ఆ 1980లలోనే ఎడ్వర్డ్ మెక్‌గ్వైర్ అనే వైద్యుడు ఇంకో దారి పట్టాడు. చైనా సూది వైద్యంలో మూత్ర సమస్యలకు వాడే ఒక బిందువు సరిగ్గా లోపలి చీలమండకు పైన, టిబియల్ నరం మీదే ఉంది. అక్కడ చర్మం మీద ప్యాడ్లు పెట్టి కరెంటు ఇస్తే తొందర తగ్గుతోందని 1983లో రాశాడు. ప్యాడ్ల బదులు సన్నని సూది వాడే పద్ధతిని మార్షల్ స్టోలర్ 1990లలో రూపొందించాడు. ఇతనిదీ అదే శాన్ ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయం. 2000లో దానికీ అనుమతి వచ్చింది.

ఈ సూది వైద్యం ఎట్లా ఉంటుందో కాస్త వివరంగా చెప్పాలి. పేరు వినగానే భయపడేవాళ్లే ఎక్కువ. పేషెంటును కుర్చీలో కూర్చోబెట్టి కాలు చాపిస్తారు. లోపలి చీలమండ ఎముకకు మూడు వేళ్ల మందం పైన, అంటే దాదాపు 5 సెంటీమీటర్ల ఎత్తున, 34 గేజి సూదిని లోపలికి దించుతారు. రక్తం తీసే సూదికన్నా ఇది చాలా సన్నం. పాదం లోపలి అంచున ఒక ప్యాడ్ అతికించి, రెండింటినీ బ్యాటరీతో నడిచే చిన్న యంత్రానికి కలుపుతారు. సెకనుకు 20 స్పందనలు, ఒక్కొక్కటి 200 మైక్రోసెకన్లు. కరెంటు 9 మిల్లీ ఆంపియర్లు దాటదు. బొటనవేలు వంగినా, వేళ్లు విచ్చుకున్నా, అరికాలు జుమ్మన్నా సూది సరైన చోట ఉన్నట్టు. అక్కడి నుంచి అరగంట కూర్చోవాలి, అంతే. వారానికి ఒకసారి చొప్పున 12 వారాలు. ఆపరేషన్ లేదు, మత్తు లేదు, మంచం పట్టడం లేదు. సూది దిగిన చోట చుక్క రక్తం, చిన్న కమిలిన మచ్చ, కాసేపు నొప్పి, ఇంతకు మించిన దుష్ఫలితాలు అరుదు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు, గర్భిణులకు, రక్తం త్వరగా గడ్డకట్టనివాళ్లకు మాత్రం చేయరు.

దీనికి రుజువేమిటి? 2009లో వెలువడిన పరిశోధనలో 100 మందిని రెండు జట్లు చేసి ఒక జట్టుకు చీలమండ సూది, మరో జట్టుకు అప్పట్లో బాగా వాడుకలో ఉన్న టాల్టెరోడిన్ గోలీ ఇచ్చారు. నయమైందనో మెరుగైందనో చెప్పినవాళ్లు సూది జట్టులో 79.5 శాతం, గోలీ జట్టులో 54.8 శాతం. ఇంత మంచి అంకె కనబడినప్పుడు అనుమానించడం అవసరం. వారం వారం ఒకరు పక్కన కూర్చుని పలకరిస్తే సగం జబ్బు తగ్గినట్టే అనిపిస్తుంది. ఆ అనుమానం తీర్చడానికే 2010లో 220 మందితో ఇంకో పరిశోధన చేశారు. సగం మందికి నిజమైన సూది, మిగతా సగానికి చర్మంలోకి దిగని నకిలీ సూది. తమకు ఏది పెట్టారో పేషెంట్లకు తెలియదు. 13వ వారంలో బాగా మెరుగైనామన్నవాళ్లు నిజమైన సూది జట్టులో 54.5 శాతం, నకిలీ జట్టులో 20.9 శాతం. నకిలీతో కూడా అయిదుగురిలో ఒకరికి మేలు కనిపించిందన్న సంగతి దాచకూడదు. అది తీసేసినా మిగిలే తేడా పెద్దదే. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ వైద్యం తీసుకున్నవాళ్లలో సుమారు సగం మందికి మెరుగు కనబడుతుందని, మిగతావాళ్లకు వేరే దారి వెతకాలని నేను అర్థం చేసుకుంటున్నాను. ఫలితం దొరికినవాళ్లను మూడేళ్లు గమనిస్తే, సగటున నెలకు ఒకసారి సూదితో చాలామంది మెరుగు నిలుపుకున్నారు. కాబట్టి 12 వారాలతో పని అయిపోదు, నెలనెలా రావాల్సి ఉంటుంది. ఇది ముందే చెప్పకపోతే పేషెంటుకు అన్యాయం చేసినట్టే.

సూది లేకుండా ప్యాడ్లతోనే చేయవచ్చా అన్నది మన ప్రాంతానికి చాలా ముఖ్యమైన ప్రశ్న. నడుం నొప్పికి, మోకాళ్ల నొప్పికి ఫిజియోథెరపీ గదిలో "కరెంటు పెట్టే" టెన్స్ మిషన్ అందరికీ తెలిసిందే. అదే మిషన్‌తో, చీలమండ దగ్గర ప్యాడ్లు పెట్టి, సరైన కొలతల్లో ఇస్తే పని జరుగుతుంది. నేర్చుకుంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. 2019లో స్పెయిన్‌లో సూదిని, ప్యాడ్లను పోల్చి చూస్తే ప్యాడ్లు వెనకబడలేదు. అయితే ఇంకో వైపు కూడా చూడాలి. బ్రిటన్‌లోని వృద్ధాశ్రమాల్లో 400 మందికి పైగా పెద్దవాళ్లపై జరిపిన ఎలక్ట్రిక్ అనే పరిశోధనలో వారానికి రెండుసార్లు చొప్పున ఆరు వారాలు ప్యాడ్లు పెట్టారు. నకిలీ చికిత్సకు, దీనికి తేడా కనబడలేదు. ఆ ఫలితాన్ని పక్కకు నెట్టేయలేం. కానీ వాళ్లు ఎక్కువగా లేచి తిరగలేనివాళ్లు, మతిమరుపు ఉన్నవాళ్లు. మూత్రం కారడానికి వాళ్లలో ఇతర కారణాలూ ఎన్నో ఉంటాయి. యాభై ఏళ్ల వయసులో ఇంటి పని, చేను పని, డ్యూటీ చేసుకుంటున్న ఆడమనిషికి ఆ అంకెను అట్లాగే అంటగట్టడం సరికాదని నా అభిప్రాయం. ప్యాడ్ల రుజువు సూది రుజువంత గట్టిది కాదు, హాని మాత్రం దాదాపు లేదు. దొరికేచోట మొదట దాన్నే పెట్టి చూడమంటాను.

త్రికాస్థి దగ్గర తీగ అమర్చే వైద్యం దీనికన్నా బలమైనది, దీనికన్నా బరువైనది. నడుము కింద మూడో నంబరు రంధ్రంలోకి సన్నని తీగ పంపి, మొదట ఒకటి రెండు వారాలు బయటి పెట్టెతో పరీక్షిస్తారు. బాధ సగమన్నా తగ్గితేనే పిరుదు పైభాగంలో చర్మం కింద పేస్‌మేకర్ లాంటి బ్యాటరీని అమరుస్తారు. ముందు పరీక్షించి తర్వాతే అమర్చడం ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చే సంగతి. పాత బ్యాటరీలను కొన్నేళ్లకు మార్చాల్సి వచ్చేది. అమెరికాలో 2019 నుంచి వచ్చిన, చార్జింగ్ పెట్టుకునే రకాలు 15 ఏళ్ల దాకా నడిచేలా తయారయ్యాయి. దీన్ని మూత్రాశయంలో వేసే బొటాక్స్ ఇంజెక్షన్‌తో పోల్చి 381 మంది స్త్రీలపై చేసిన రోసెట్టా పరిశోధన 2016లో వచ్చింది. రోజుకు కారే సార్లు బొటాక్స్‌తో 3.9, తీగతో 3.3 తగ్గాయి. కానీ బొటాక్స్ వేసుకున్నవాళ్లలో 35 శాతం మందికి మూత్ర ఇన్‌ఫెక్షన్ వచ్చింది, తీగవాళ్లలో 11 శాతానికే. పైగా బొటాక్స్ తర్వాత కొందరికి మూత్రం బిగుసుకుని కొన్నాళ్లు గొట్టం వేసుకోవాల్సి వచ్చింది. ఈ రెండూ హైదరాబాద్ స్థాయి యూరాలజిస్టు చేయాల్సిన పనులు, అక్కడికే పోవాలి. చీలమండలోనే నాణెమంత పరికరాన్ని అమర్చే ఈకాయిన్, రెవీ అనేవి అమెరికాలో 2022, 2023లలో అనుమతి పొందాయి. వాటి సంగతి మనదాకా వచ్చినప్పుడు చూసుకుందాం.

ఇంత చెప్పాక కూడా, కరెంటు దగ్గరికి వెళ్లే ముందు చేయాల్సినవి ఉన్నాయి. ఈ ప్రాంతంలో చాలామందికి అక్కడే సగం పని అయిపోతుందని నమ్ముతాను.

మొదటిది మూత్ర పరీక్ష, షుగర్ పరీక్ష. ఇన్‌ఫెక్షన్ ఉన్నా తొందరే, షుగర్ పెరిగినా పదేపదే పోవడమే. మంటతో జ్వరం, మూత్రంలో రక్తం ఉంటే ఇంట్లో కూర్చోకూడదు. తొందరతోపాటు ఉన్నట్టుండి కాళ్లు తిమ్మిరెక్కి బలహీనపడినా, మర్మాంగాల చుట్టూ స్పర్శ పోయినా అదే రోజు ఆసుపత్రికి పోవాలి. బీపీకి వేసుకునే నీటి గోలీ ఏ వేళ వేసుకుంటున్నారో కూడా డాక్టర్‌కు చెప్పాలి. సాయంత్రం వేసుకుంటే రాత్రంతా లేవక తప్పదు.

రెండోది నీళ్లు. మంచిర్యాల, రామగుండం ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతుంది. బాత్రూం భయంతో ఆ ఎండలో నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి సంచిని ఇంకా రేపుతుంది, ఇన్‌ఫెక్షన్లకు, రాళ్లకు దారి తీస్తుంది. నీళ్లు మానవద్దు, చాయ్ తగ్గించాలి. మొదటి షిఫ్టుకు పోయే భర్తకు తెల్లవారుజామున పెట్టిన చాయ్‌తో మొదలై, రోజంతా ఎవరు వచ్చినా తాగే చాయ్ ఎన్ని గ్లాసులవుతుందో ఒక్కసారి లెక్క పెట్టుకోవాలి.

మూడోది గర్భసంచి ఆపరేషన్. ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తంలో 3.2 శాతమైతే, తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. గర్భసంచి తీసేస్తే మూత్రం తొందర తగ్గదు. దాంతోపాటు అండాశయాలూ తీసేస్తే హార్మోను చిన్న వయసులోనే పడిపోయి, మూత్రనాళం చుట్టూ ఉన్న పొరలు పలచబడి, బాధ పెరిగే అవకాశమే ఎక్కువ. ముట్లుడిగినవాళ్లకు యోనిలో రాసుకునే ఈస్ట్రోజన్ క్రీము తొందరకు మేలు చేస్తుందని తెలుసు. డాక్టర్‌ను అడిగి వాడుకోవాలి.

నాలుగోది సాధన. తొందర వచ్చినప్పుడు పరుగెత్తకుండా ఆగి, మూత్రం ఆపుకునే కండరాన్ని నాలుగైదుసార్లు బిగించి వదిలి, ఆ ఉరవడి తగ్గాక నడవాలి. గంటకోసారి పోయేవాళ్లు ఆ వ్యవధిని వారానికి పావుగంట చొప్పున పెంచుకుంటూ పోవాలి. ఇదేం వైద్యం అనుకోవద్దు. 1998లో 55 ఏళ్లు పైబడిన 197 మంది స్త్రీలపై చేసిన అమెరికా పరిశోధనలో ఈ శిక్షణతో కారే సార్లు 80.7 శాతం తగ్గాయి. ఆక్సీబ్యుటినిన్ గోలీతో తగ్గింది 68.5 శాతం. మందు లేని ఉత్త గోలీతో 39.4 శాతం. శిక్షణ ఇచ్చే మనిషి కావాలి, అంతకు మించి ఖర్చు లేదు. ఇక్కడి బొగ్గు గనులు నడిపే సింగరేణి కంపెనీ సేవా సమితి కాలనీల్లో ఆడవాళ్లకు కుట్టు నేర్పుతోంది. ఆ కేంద్రాల్లోనే వారానికి ఒక పూట ఒక ఫిజియోథెరపిస్టు ఇది నేర్పితే ఎన్నో ఇళ్లకు మేలు జరుగుతుంది.

ఇక గోలీలు. ఆక్సీబ్యుటినిన్, టాల్టెరోడిన్, సోలిఫెనాసిన్ లాంటివి పనిచేస్తాయి గాని నోరెండడం, మలబద్ధకం వల్ల ఏడాది తిరిగేలోపు సగానికి పైగా మానేస్తారు. పెద్ద వయసువాళ్లలో ఈ జాతి మందులను ఏళ్ల తరబడి వాడితే మతిమరుపు జబ్బుతో సంబంధం కనబడుతోందని 2019లో బ్రిటన్ పరిశోధన చెప్పింది. మన దగ్గర ఇంకో ప్రమాదం ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. ఇవి చెమటను తగ్గిస్తాయి. మే నెల మంచిర్యాలలో చెమట పట్టని ఒంటికి వడదెబ్బ తగలడం ఎంతసేపు? ఓపెన్‌కాస్టులో, పత్తి చేలల్లో పనిచేసేవాళ్లకు ఈ గోలీలు రాసేటప్పుడు డాక్టర్ ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మిరాబెగ్రాన్‌తో ఈ చిక్కు లేదు, బీపీని మాత్రం కనిపెట్టి ఉండాలి. నా దృష్టిలో ఈ ప్రాంతంలో నరం వైద్యం విలువను పెంచేది ఈ ఎండే. ఒంట్లోకి ఏ మందూ పోకుండా తొందరను తగ్గించే పద్ధతి వేరే ప్రాంతాలకన్నా ఇక్కడ ఎక్కువ అవసరం. పైగా అమెరికా యూరాలజీ సంఘం 2024 మార్గదర్శకాల్లో, ముందు గోలీలు వాడి విఫలమైతేనే తర్వాతి మెట్టు అనే పాత నియమాన్ని వదిలేసింది. డాక్టరూ పేషెంటూ కలిసి మాట్లాడుకుని ఏదైనా ఎంచుకోవచ్చు.

కానీ ఎక్కడ ఎంచుకోవాలి? పన్నెండు వారాలు వారానికోసారి నస్పూర్ నుంచి హైదరాబాద్ పోయి రావడమంటే, అరగంట వైద్యానికి ఒక పగలూ ఒక రాత్రీ. తోడుగా భర్తో కొడుకో రావాలి, వాళ్లు షిఫ్టు మానుకోవాలి. కోడలికో కూతురికో వంట అప్పజెప్పాలి. పైగా ఈ జబ్బున్న మనిషికి ఆ రైలు ప్రయాణమే పెద్ద శిక్ష. రెండో వారానికే మానేస్తుంది, మానేసినందుకు ఆమెను తప్పుపట్టలేం.

దగ్గర్లో చోటు లేక కాదు. సింగరేణికి రామకృష్ణాపూర్‌లో, గోదావరిఖనిలో ఏరియా ఆసుపత్రులున్నాయి. 2022లో మంచిర్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అదే ఏడాది గోదావరికి ఆవలి ఒడ్డున రామగుండంలో సింగరేణి నిధులతో ఇంకొకటి వచ్చింది. ఈ వైద్యానికి ఆపరేషన్ థియేటర్ అక్కర్లేదు. ఒక గది, తలుపు వేసుకునే వీలు, రెండు కుర్చీలు, ఒక యంత్రం, శిక్షణ పొందిన ఒక ఆడ ఫిజియోథెరపిస్టో నర్సో ఉంటే చాలు. ఆడమనిషే కావాలని ఎందుకంటున్నానంటే, ఈ బాధను మగ డాక్టర్ ముందు నోరు విప్పి చెప్పలేకే చాలామంది ఏళ్లు గడిపేశారు. హైదరాబాద్ యూరాలజిస్టు మొదటిసారి చూసి జబ్బు నిర్ధారించాలి. మిగతా పన్నెండు వారాలూ ఇక్కడే జరగాలి. కార్మికుల కుటుంబాలకు, రిటైరైనవాళ్లకు వైద్యం అందించే బాధ్యత కంపెనీదే. కాంట్రాక్టు కార్మికుల, కూలీల ఇళ్ల ఆడవాళ్లకు ఆ తలుపు అంత సులభంగా తెరుచుకోదు, అందుకే మంచిర్యాల ప్రభుత్వ ఆసుపత్రిలోనూ ఈ గది ఉండాలి.

మరుగుదొడ్ల సంగతి కూడా ఇందులో భాగమే. గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భానికి దూరంగా ఉంచింది. 2019లో కేంద్రం ఆ నిబంధన సడలించి, కొన్ని షరతులతో భూగర్భంలో పగటి పూట, ఓపెన్‌కాస్టుల్లో రాత్రి షిఫ్టుల్లో కూడా పనిచేయడానికి వీలు కల్పించింది. తండ్రి ఉద్యోగం అందుకుని డ్యూటీకి వస్తున్న ఆడపిల్లలు ఇప్పుడు సింగరేణిలో ఉన్నారు. ఎనిమిది గంటల షిఫ్టులో శుభ్రమైన, తలుపున్న, నీళ్లున్న మరుగుదొడ్డి పని స్థలానికి దగ్గర్లో లేకపోతే, ఇరవై అయిదేళ్ల పిల్లకూ నీళ్లు మానేసే అలవాటు అంటుకుంటుంది.

ఏరియా ఆసుపత్రిలో నరం వైద్యపు గది తెరిస్తే మొదటి రోజు నుంచే లెక్క రాసుకోవాలి. చికిత్సకు ముందు మూడు రోజులు పేషెంటు ఎన్నిసార్లు పోయింది, ఎన్నిసార్లు తొందర వచ్చింది, ఎన్నిసార్లు కారింది అన్నది ఒక కాగితం మీద రాయించాలి. చదువు రానివాళ్లు గీతలు గీసినా సరిపోతుంది. ఆరో వారంలో ఒకసారి, పన్నెండో వారంలో మరోసారి అదే కాగితం నింపించాలి. బాధ సగమన్నా తగ్గినవాళ్లకు నెలకోసారి చొప్పున కొనసాగించాలి. తగ్గనివాళ్లను ఇంకో పన్నెండు వారాలు తిప్పకుండా, ఆ మూడు కాగితాలూ చేతికిచ్చి, త్రికాస్థి తీగ పరీక్షకో బొటాక్స్‌కో యూరాలజిస్టు దగ్గరికి రెఫరల్ రాయాలి.